ఏసోబు చిన్నాయన బిళ్ళ

ఇన్నేళ్లూ దీన్ని కడుపులో పెట్టుకునే తిరిగాను. అన్నం తింటున్నా అక్కడే ఉంటుంది, నవ్వుతున్నా అక్కడే ఉంటుంది. దించుకుందామంటే చోటు దొరకలేదు. నా భార్యకు చెబితే రేపటి నుంచి నన్ను చూసే చూపు మారిపోతుంది. దేవుడికి చెప్పుకోమంటారు. దేవుడు అక్కడే ఉన్నాడు కదా, చూశాడు కదా, ఆయనకు కొత్తగా చెప్పేదేముంది? అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఒక్క మాట మాత్రం ముందే అనేస్తాను. మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి పుడితే దాన్ని అక్కడే మింగేయండి. నాకు జాలి వద్దు. నా మీద నాకే ఒళ్ళు మండిపోతోంది, మీకూ మండితే తప్పేమీ లేదు.

మాది కోలార్ బంగారు గనుల ఊరు. తాత చిత్తూరు వైపు పల్లె వదిలి వచ్చి గనిలో దిగాడు. ఆయన తరవాత నాన్న దిగాడు. నాకు దిగే వయసు వచ్చేసరికి గనులు మూసేశారు. మూసింది ఎవరో ఢిల్లీలో, ఎండింది మా డొక్కలు. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోవడం, ఎవడి గేటు దగ్గరో కాపలా కాయడం, చీకటిపడ్డాక తిరిగి రావడం. మా లైన్లలో మగవాళ్ళ బతుకు అదే అయింది. లైను అంటే కంపెనీ కట్టించిన వరస ఇళ్ళు. ఒక గోడకు ఇటు మేము, అటు ఏసోబు చిన్నాయన, రాహేలమ్మ చిన్నమ్మ.

రక్తసంబంధం ఏమీ లేదు. వాళ్ళు తెలుగు చర్చి వాళ్ళు, మేము వినాయకుడికి మొక్కేవాళ్ళం. నాన్నతో ఒకే గ్యాంగులో పనిచేశాడు కాబట్టి నాకు చిన్నాయన. వాళ్ళకు పిల్లల్లేరు. అమ్మకు ఎప్పుడూ ఏదో ఒక జబ్బు, కాబట్టి నాకు సంగటి ముద్ద కలిపి పెట్టింది సగం రోజులు చిన్నమ్మే. జ్వరం వస్తే పక్కన పడుకున్నదీ ఆమే. 'నువ్వు నా కొడుకువే, మీయమ్మ ఊరికే కనింది' అని అమ్మ ముందే అనేది. అమ్మ నవ్వేది.

చిన్నాయన ఒకప్పుడు బాగా తాగేవాడు. తాగి ఆమెను కొట్టేవాడు. గోడ ఇవతల నుంచి నాకు వినబడేది. ఒక ఈస్టరు రోజున చర్చిలో అందరి ముందు మోకరించి, భార్య తల మీద చెయ్యి పెట్టి, ఇంక ముట్టనన్నాడు. ముట్టలేదు. గనులు మూసినప్పుడు లైన్లన్నీ సారా కంపు కొట్టాయి, అప్పుడు కూడా ముట్టలేదు. చిన్నమ్మకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. 'మీవాళ్ళు తాగొచ్చినారా, మా ఆయప్ప చూడు' అని వీధి కుళాయి దగ్గర నిలబడి గర్వంగా చెప్పుకునేది.

ఇప్పుడు బిళ్ళ సంగతి చెప్పాలి. గనిలో దిగేవాడికి తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగేముందు తీసుకుంటాడు, పైకి వచ్చాక బోర్డుకు తగిలిస్తాడు. తగిలించని బిళ్ళ ఉందంటే ఆ మనిషి ఇంకా కింద ఉన్నట్టు లెక్క. లోపల రాయి పేలి భూమి అదిరిందంటే ఆడవాళ్ళు పొయ్యి మీద కుండ అలాగే వదిలేసి గని నోటి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. మేనేజరు మొహం చూసేవాళ్ళు కాదు, బోర్డు చూసేవాళ్ళు. ఒకడి బిళ్ళ ఇంకొకడు ముట్టకూడదు. అన్నదమ్ములైనా ముట్టకూడదు. అలసిపోయాను నాది కూడా తగిలించెయ్యరా అని పక్కవాణ్ణి అడిగినందుకు ఒకాయన చెంప పగిలిందని నాన్న చెప్పాడు. ఎవరు కొట్టారో కూడా చెప్పాడు. చిన్నాయనే.

నేను రాబర్ట్‌సన్‌పేటలో చిన్న ట్రావెల్స్ ఆఫీసు పెట్టుకున్నాను. తిరుపతి, వేళాంగణి, శబరిమల. ఎవరి దేవుడు వాళ్ళకు, బస్సు నాది. అలా ఉండగా మైసూరు అవతల పులుల అడవి అంచున గుడారాల క్యాంపు పెట్టిన ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. గుడారమంటే పెళ్ళి షామియానా అనుకునేరు. లోపల స్నానాల తొట్టి, మంచానికి తెల్లటి దోమతెర, చేతులకొక తువ్వాలు, కాళ్ళకొక తువ్వాలు. మా జిల్లాలో డబ్బున్నవాళ్ళని తీసుకురమ్మన్నాడు. శ్రీనివాసపురం మామిడి మండీలవాళ్ళు, లక్కూరు వైపు పొలాలు ప్లాట్లు వేసి అమ్మినవాళ్ళు. వీళ్ళ దగ్గర డబ్బు ఉంది, ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియదు, తెలియజెప్పు అన్నాడు. నాకు నోరూరింది. తప్పేముంది అనుకున్నాను. మా అందరి నోట్లో మట్టి కొట్టిన ఊళ్ళో నేనొక్కడినైనా మనిషిలా బతకకూడదా?

ప్లానంతా నాదే. పొద్దున్నే కురుడుమలె వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి బయలుదేరడం, క్యాంపు గేటు దగ్గర గంధం వాసన వేసిన చల్లటి తువ్వాలు, పైకప్పు లేని జీపులో సఫారీ, రాత్రి నెగడు చుట్టూ నాటుకోడి పులుసు, తెల్లారి మళ్ళీ సఫారీ. ఇంత చేశాక కూడా ఏదో తక్కువైందనిపించింది. అప్పుడు తట్టింది ఆ దిక్కుమాలిన తెలివి. బిళ్ళలు! అతిథులకు తలా ఒక ఇత్తడి బిళ్ళ. అడవిలోకి పోయేటప్పుడు బోర్డు మీద 'లోపల' వైపు పెట్టుకోవాలి, వచ్చాక తమ చేత్తో 'బయట' వైపుకు మార్చుకోవాలి. గని పద్ధతి ఇది కాదు, నేనే సులువు చేశాను. ఫోటోలకు బాగుంటుందని ఓనరు ఎగిరి గంతేశాడు. మా నాన్నలు ప్రాణాలకు కట్టుకున్న బిళ్ళని నేను పెళ్ళిలో పన్నీరు బుడ్డిలా చేసి చేతుల్లో పెట్టాను.

పనికి మా లైను నుంచి కొందరిని తీసుకుపోయాను. వాళ్ళు ఆ మెరిసే బోర్డు చూసి ముందు నవ్వారు. తరవాత, మరి మాకేదీ అన్నారు. అడవిలో పని, బిళ్ళ లేకుండా అడుగు పెట్టం అన్నారు. వంటశాల వెనక ఒక చెక్క కొట్టించి, వాళ్ళకూ బిళ్ళలు చేయించి ఇచ్చాను. అతిథుల బోర్డు ఆట. వంటశాల వెనక చెక్క మాత్రం ఆట కాదు. చీకటి పడగానే గేటు కాపలాదారు వచ్చి దాన్ని చూసి పోవాలి. ఒక్క బిళ్ళ 'లోపల' ఉన్నా అటవీశాఖకు కబురు పోవాలి, అందరూ లైట్లు పట్టుకుని వెతకాలి, మనిషి దొరికేదాకా సఫారీలన్నీ బందు. ఇదీ నేను పెట్టిన రూలే.

చిన్నాయనను పంపమని చిన్నమ్మను అడిగింది నేను. బెంగళూరులో కుర్చీలో కూర్చుని రాత్రిళ్ళు కాపలా కాస్తూ ఆయన ఊపిరి మరీ పాడైపోయింది. గని దుమ్ము అప్పటికే సగం తినేసింది. అడవి గాలి మంచిదన్నాను. 'నీ కండ్ల ముందర ఉంటాడు గదప్పా, ఇంగ నాకేం భయం' అని ఆమె సంచి సర్ది పంపింది. దారులు బాగు చేయడం, ఎండుకొమ్మలు తీయడం, బోర్డు మీద కన్నేసి ఉంచడం ఆయన పని.

ఆ ఏడు మామిడి కాపు అయిపోయాక శ్రీనివాసపురం నుంచి ఒక మండీ సాహుకారు వచ్చాడు. వెంట ఉత్తరాది నుంచి వచ్చిన జ్యూసు ఫ్యాక్టరీ వాళ్ళు. ఆయనకు వాళ్ళతో పెద్ద బేరం ఉంది, పులిని చూపించి మెత్తబరుద్దామని ఆశ. నాకూ ఆశే. ఈయన మెచ్చుకుంటే జిల్లాలో మండీలన్నీ నా వెనకే వస్తాయి. వీళ్ళు ముందురాత్రే వచ్చి దిగారు కాబట్టి మొదటి సఫారీ పొద్దున్నే పెట్టాను. అందులో జింకలు కనబడ్డాయి, నెమళ్ళు కనబడ్డాయి, దూరంగా ఒక ఏనుగు వీపు కనబడింది. పులి లేదు. భోజనాల దగ్గర ఆ సాహుకారు అందరి ముందు నన్ను కడిగేశాడు. నెమళ్ళు మా తోటలో లేవా, ఇంత దూరం తోలుకొచ్చి జింకల వీపులు చూపిస్తావా, రేపు పొద్దున పులి పడకపోతే నీ ఆఫీసుకు తాళం వేసుకో అన్నాడు. అతిథులు నవ్వారు. నేనూ నవ్వాను. పళ్ళికిలించి నవ్వాను, నా నోట్లో మన్ను పడ!

ఆ మధ్యాహ్నమే నేను గడ్డి తిన్నాను. చిన్నాయనను పక్కకు పిలిచి, లోపల కుంట దగ్గరికి నడిచిపోయి కొత్త పాదముద్రలు ఉన్నాయేమో చూసి రమ్మన్నాను. దారులు బాగుచేసేవాళ్ళైనా అడవి అంచు దాటి లోపలికి నడిచి పోకూడదు, అది నేరం. ఆయనకూ తెలుసు. అది తప్పు కదా అప్పా అన్నాడు. వాన పడేటట్టుంది, ఊపిరి ఆడదు అని కూడా అన్నాడు. నేను బతిమాలాను. బతిమాలాననడం కూడా అబద్ధమే, 'నిన్ను ఇక్కడికి తెచ్చింది ఎందుకు మరి' అన్నాను. ఆ మాట అన్నాక ఆయన వంటశాల వెనక్కు పోయి, తన బిళ్ళ తీసి 'లోపల' వైపు తగిలించి, కండువా తలకు చుట్టుకుని పోయాడు.

పొద్దు వాలింది. సన్నగా వాన మొదలైంది. చిన్నాయన రాలేదు.

నేను చెక్క ముందు నిలబడ్డాను. కాపలాదారు గేటు దగ్గర నుంచి వచ్చే వేళ అయింది. అవతల జనరేటరు మోత, పాటలు, కోడి పులుసు వాసన, సాహుకారు నవ్వు. బిళ్ళలన్నీ 'బయట' ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని అలాగే వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. కబురు పోతుంది. అడవివాళ్ళు వస్తారు. మనిషి నడిచి లోపలికి ఎందుకు పోయాడని అడుగుతారు. పొద్దున సఫారీ ఉండదు. నా ఆఫీసు ఉండదు. ఆయన ఇదివరకు ఒకసారి వానలో చిక్కుకుని అడవి అంచు పల్లెలో పడుకుని తెల్లారి వచ్చాడు. ఈసారీ అంతే అయి ఉంటుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగి ఉంటాను! అప్పుడు పల్లెకే పోయాడు, ఆయన బిళ్ళ 'బయట' ఉండింది, పోయేముందు చెప్పి పోయాడు. ఈసారి 'లోపల' ఉంది. బిళ్ళ లోపల ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. ఉగ్గుపాలతో నేర్చుకున్న మాట అది. అది తెలియని వాడెవడైనా ఆ పని చేసి ఉంటే క్షమించవచ్చు. తెలిసినవాణ్ణి నేను. గని మనిషి కొడుకుని.

బిళ్ళ తీసి 'బయట' వైపు తగిలించాను. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే ఈ రోజు ఆ వణుకునైనా పట్టుకుని బతికేవాణ్ణి. కాపలాదారు వచ్చాడు, చూశాడు, పోయాడు.

వంట చూసే మనిషి మా లైనువాడే. చిన్నాయన అన్నానికి రాలేదని అతనికి అనుమానం వచ్చింది. లాంతరు తీసుకుని వెనక్కు పోయి చెక్క చూశాడు. బిళ్ళ 'బయట' ఉంది. ఎక్కడో పడుకుని ఉంటాడులే అని నిశ్చింతగా పోయి పడుకున్నాడు. మా వాళ్ళంతా అంతే. మనిషి మాట నమ్మరు, మేనేజరు మాట నమ్మరు, బోర్డును నమ్ముతారు. ఆ నమ్మకం మీదే నేను కాలేశాను.

తెల్లారి పులి వచ్చింది. జీపు ముందు దారి మీదకే వచ్చింది, నిలబడింది, ఒళ్ళు విరుచుకుంది. జ్యూసు ఫ్యాక్టరీ వాళ్ళు ఊపిరి బిగబట్టి ఫోటోలు తీశారు. సాహుకారు నా భుజం తట్టాడు. నువ్వు మొగాడివి అన్నాడు. పాదముద్రలు చూడాల్సిన అవసరమే లేకపోయింది. ఎవరూ నడిచి పోవలసిన పని లేదు. దాని దారిన అది వచ్చింది, దాని దారిన అది పోయింది. ఆ పులి మీద కూడా నాకు కోపమే. ఒక రోజు ముందు రావడానికి దానికేం రోగం?

పొద్దెక్కాక పశువులు తోలుకుపోతున్న పల్లెవాళ్ళు చూశారు. అడవి చుట్టూ ఏనుగులు ఊళ్ళోకి రాకుండా లోతుగా కందకం తవ్వి ఉంటుంది. చిన్నాయన అందులో పడి ఉన్నాడు. తిరిగి వస్తూ, బురదలో గట్టు జారి పడ్డాడు. తొడ విరిగింది. రాత్రంతా వానలో, చలిలో, ఆ పాడైపోయిన ఊపిరితో ఉన్నాడు. తెల్లారేసరికి ఆ ఊపిరీ ఆగిపోయింది. లైట్లు పట్టుకుని వెతికి ఉంటే ముందుగా చూసే చోటు అదే.

క్యాంపు నుంచి ముందు చేరింది నేను. ఆయన చేతిలో ఒక రాయి ఉంది. పక్కన కందకం గోడలో పెద్ద బండ ఒకటి పొడుచుకు వచ్చి ఉంది, దాని మీద తెల్లటి గాట్లు. కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టిన గాట్లు. చూసిన పల్లెవాళ్ళకు అవేమిటో తెలియలేదు. నాకు తెలిసింది. గనిలో కూలినచోట చిక్కుకున్నవాడు అరవకూడదు. ఊపిరి దాచుకోవాలి. పైకి ఎక్కబోయి ఒళ్ళు అలసిపోనీయకూడదు. రాయితో బండ మీద కొడుతూ కదలకుండా ఉండాలి, పైవాళ్ళు వస్తారు. ఎందుకు వస్తారు? బిళ్ళ చూసి వస్తారు. చిన్నాయన అదే చేశాడు. గట్టు ఒకవైపు కాస్త పల్లంగానే ఉంది, పాకుతూ ప్రయత్నిస్తే ఎక్కేవాడేమో. ప్రయత్నించలేదు. వస్తారని నమ్మి, నేర్చుకున్న పద్ధతిలో, కొడుతూ కూర్చున్నాడు. నేను అప్పుడు నెగడు దగ్గర వాళ్ళకు కోడి ముక్కలు వడ్డిస్తున్నాను.

లైనువాళ్ళు రాకముందే ఆ రాయి తీసి అవతల పారేశాను. బండ మీద బురద పూశాను. చూడండి, భయంలో కూడా ఎంత తెలివిగా పనిచేసిందో నా బుర్ర! అటవీశాఖవాళ్ళు అడిగితే, నిన్న సాయంత్రమే తిరిగి వచ్చాడు, బిళ్ళ కూడా మార్చాడు, రాత్రి ఎప్పుడో తాగి మళ్ళీ అడవి వైపు పోయినట్టున్నాడు అని చెప్పాను. ఎవరూ ఆ మాట నా నోట్లో పెట్టలేదు. ఓనరు కూడా చెప్పమనలేదు. నేనే అన్నాను. గని మనిషి, తాగుబోతు, జారిపడ్డాడు. ఎవరూ మారు ప్రశ్న వేయలేదు. మావాళ్ళ గురించి ఇలాంటి మాట చెబితే ఎవరైనా ఇట్టే నమ్మేస్తారు. అది తెలిసే చెప్పాను. తరవాతది పెద్దవాళ్ళు చూసుకున్నారు, ఎలా చూసుకున్నారో నేను అడగలేదు.

శవాన్ని ఇంటికి తీసుకొచ్చాను. చిన్నమ్మ గుండెలు బాదుకుని ఏడుస్తోంది. చుట్టూ లైను ఆడవాళ్ళంతా ఉన్నారు. నన్ను చూసి లేచింది, చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. మొదట అడిగింది ఎలా చచ్చిపోయాడని కాదు.

"బిళ్ళ యాడుండె?" అంది.

"బయటి పక్క ఉండె చిన్నమ్మా."

"ఎవురు తిప్పినారు?"

"ఆయనే. నేను చూసినాను."

"అట్లయితే మళ్ళా ఎట్ల పోతాడప్పా, బిళ్ళ తిప్పకుండా? ఆయప్ప పోడే. చచ్చినా పోడే." నా మొహంలోకి చూసింది. "తాగినాడా?"

ఇప్పుడు కూడా సమయం ఉంది, మీరు గమనించారా? కాదు అనవచ్చు. తెలియదు అనవచ్చు. నోరు మూసుకుని నిలబడినా సరిపోయేది.

"ఊఁ" అన్నాను.

"నా తల మీద చెయ్యి పెట్టి చెప్పినాడే" అంది. అంతసేపూ ఏడుస్తున్న మనిషి ఏడుపు ఆపేసింది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది. మట్టి చేసేటప్పుడు కూడా ఆమె కంట నీళ్ళు రాలేదు.

ఆ తరవాత ఆమె ఆయన పేరు ఎత్తలేదు. గోడకున్న పెళ్ళి ఫోటో తీసి పెట్టె అడుగున పడేసింది. ఈస్టరు తెల్లవారుజామున మా ఊరి సమాధుల దగ్గర అందరూ కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈమె మాత్రం తలుపు వేసుకుని ఇంట్లో కూర్చునేది. వీధి కుళాయి దగ్గర ఎవరైనా మా ఆయన తాగుడు మానేశాడు అంటే, 'నమ్మొద్దమ్మా, నేను నమ్మి చెడినాను' అనేది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆమెకు ఇచ్చిన ఒకే ఒక మంచి వస్తువును నేను లాక్కుని, ఉమ్మేసి, తిరిగి ఇచ్చాను.

ఇంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా నా తల నిమిరి, 'అందురూ నా దగ్గర దాచినారు, నువ్వొక్కడే దాచకుండా నిజం చెప్పినావప్పా' అనేది. చుట్టాలు వస్తే వాళ్ళకూ చెప్పేది. నా సొంత కొడుకైనా ఇంత నిజాయితీగా ఉండడు అనేది. నేను ఆమె పెట్టిన కాఫీ తాగుతూ వినేవాణ్ణి. కాఫీ గొంతు దిగేది కూడా! అదే నాకు అర్థం కాదు, ఎలా దిగేది?

ఎందుకు చెప్పలేదు? మొదట్లో నా దగ్గర మంచి కారణం ఉండింది. చెబితే క్యాంపు మూతపడుతుంది, లైనువాళ్ళ పనులు పోతాయి అనుకున్నాను. కొన్నేళ్లకు ఆ క్యాంపు దానంతటదే మూతపడింది, ఓనరు ఇంకేదో వ్యాపారంలోకి పోయాడు. అప్పుడు కారణం మారింది. ముసలామె, ఇప్పుడు చెబితే తట్టుకోలేదు అనుకున్నాను. ఆమె తట్టుకోలేనిది ఏముంది? మొగుడు మాట నిలబెట్టుకున్నాడన్న సంగతా? తట్టుకోలేనివాణ్ణి నేను. ఆ చెయ్యి నా తల మీద నుంచి లేచిపోతుందే అని భయం. అంతకుమించి ఏమీ లేదు. మిగతాదంతా కప్పదాటు మాటలు.

పోయిన వానాకాలం చిన్నమ్మ మంచాన పడింది. తెలివి మాత్రం చివరిదాకా ఉంది. ఒకరోజు పాస్టరుగారిని పిలిపించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తనను ఆయన పక్కన పెట్టొద్దని చెప్పింది. బతికినన్నాళ్ళూ మోసపోయాను, చచ్చాక కూడా ఆ మోసగాడి పక్కన పడుకోలేను అంది. పాస్టరుగారు నచ్చజెప్పబోయారు. ఆమె నా వైపు చూపించి, అడగండి, వీడికి అంతా తెలుసు అంది. ఆయన నన్ను చూశారు. నేను తల దించుకున్నాను. తల దించుకోవడం నాకు బాగా అలవాటు.

రెండు వారాలకు పోయింది. సమాధుల దగ్గర పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. ఏసోబు పక్కన స్థలం ఖాళీగానే ఉంది, ఆమె కోపంలో అన్న మాట కదా, భార్యాభర్తలు ఒకచోట ఉంటే బాగుంటుంది, కొడుకులాంటివాడివి, నువ్వు ఏమంటే అది అన్నారు. నిర్ణయం నా చేతిలో పెట్టారు. మంచం దగ్గర ఒకసారి, ఇక్కడ రెండోసారి. ఒక్క మాట చెబితే చాలు. ఆమె వినలేకపోయినా ఆయన పక్కకు చేరేది. ఊళ్ళో అందరూ నిలబడి ఉన్నారు, ఆమె ఆఖరి మాట ఎందుకు కాదంటున్నానో అందరి ముందు చెప్పాలి. చిన్నాయన ఒకప్పుడు అందరి ముందే మోకరించాడు. నాకు మోకాళ్ళు వంగలేదు.

"ఆయమ్మ మాట ప్రకారమే చేసేయండి అయ్యా" అన్నాను.

చివరి వరసలో, గోడ పక్కన గొయ్యి తవ్వారు. దగ్గరుండి తవ్వించింది నేనే. ఆయన సమాధి ఎక్కడో ముందు వరసలో, ఈమెది ఇక్కడ. మధ్యలో ఊరంత జనం. మొదటి పిడికెడు మట్టి వేయమని నా చేతికే ఇచ్చారు. వేశాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందట! ఎవడు చెప్పాడో గాని, వాడు ఇలాంటిది చేసి ఉండడు. చెప్పవలసిన మనిషికి చెప్పకుండా, ఊరూ పేరూ తెలియని మీకు చెబితే ఏం పోతుంది? పోదు. పోకూడదు కూడా. అయినా ఒక్కసారి ఈ మాట ఎక్కడో ఒకచోట బయటికి రావాలి, నాతో పాటు కాలిపోకూడదు. ఏసోబు చిన్నాయన ఆ రాత్రి చుక్క కూడా ముట్టలేదు. పెళ్ళాం తల మీద చెయ్యి పెట్టి ఇచ్చిన మాట తప్పలేదు. తప్పింది నేను, దాచింది నేను, వాళ్ళిద్దరినీ విడదీసింది నేను.

రాసేశాను. ఛాతీలో కాస్త ఊపిరి ఆడుతోంది. ఆడకూడదు. సిగ్గు లేదు దానికి, ఆడుతోంది.